నేల పెరిగింది, గోడ పెరగలేదు

ముప్పై ఆరేళ్లకే రిటైరయ్యానంటే చిక్కడపల్లిలో ఎవరూ నమ్మడం లేదు. "రిటైరయిందా, తీసేసిండ్రా?" అని మా మేనత్త మా అమ్మను వంటింట్లోకి పిలిచి మరీ అడిగింది. ఎవరూ తీసేయలేదు. నిర్మాణ ఇంజనీరుగా పద్నాలుగేళ్లు పనిచేసి, సంతకం పెట్టడానికి నాకిచ్చిన లైసెన్సును నేనే తిరిగి ఇచ్చేసి బయటికి వచ్చాను. దానిని విరమణ అనే అంటాను. వయసు సరిపోలేదని ఎవరికైనా అభ్యంతరం ఉంటే, అది వారి అభ్యంతరం.

సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, పాత కట్టడాలను తనిఖీ చేసే పనిలోకి వస్తున్న వారి కోసం ఇది రాస్తున్నాను. ఆ పని ఏమిటో కళాశాలలో ఎవరూ సరిగా చెప్పరు. మెట్లెక్కాలి. చూడాలి, సుత్తితో తట్టాలి, కొలవాలి. చూసినది రాసి కింద సంతకం పెట్టాలి. ఈ కట్టడం క్షేమంగా ఉందని చెప్పే ఆ కాగితాన్ని స్థిరత్వ పత్రం అంటారు. మీకు ముఖం కూడా తెలియని మనుషులు ఆ సంతకాన్ని నమ్మి ఆ కప్పు కింద నిద్రపోతారు. పనంతా ఇంతే.

నేను రాసిన పత్రాలలో ఒకదానిలో ఒక వరుస అబద్ధం. ఆ ఒక్క వరుస ఒక అమ్మాయి మీద సాక్ష్యంగా మారింది. ఈ వ్యాసం ఆ వరుస గురించి. కోపంతో రాస్తున్నానని ముందే చెబుతున్నాను. ఆ కోపంలో మొదటి వాటా నాదే.

దేవుడికి పిట్టగోడతో పనేమిటి

ఇంటర్ నారాయణగూడలో ఒక మిషన్ కాలేజీలో చదివాను. మాది క్రైస్తవ కుటుంబం కాదు. బైబిలు నా చేతికి భక్తితో రాలేదు, వాదనకు సామగ్రిగా వచ్చింది. ఇంగ్లీషు చెప్పే శామ్యూల్ సార్ మా వక్తృత్వ బృందాన్ని తయారు చేసేవారు. ఏ చర్చలోనైనా నోరు తెరిచే ముందు ఒక ప్రశ్న వేసుకోమనేవారు: రుజువు చేయవలసిన భారం ఎవరిది? ఆ భారాన్ని ఎదుటివారి మీద పెట్టగలిగితే సగం గెలిచినట్టే.

ఒకసారి చర్చాంశం "దైవన్యాయం మనిషి బాధ్యతను తగ్గిస్తుంది". నేను సమర్థిస్తూ మాట్లాడాను. దేవుడు చూసుకుంటాడన్న నమ్మకం ఉన్నచోట మనిషి చేతులు ముడుచుకుంటాడని, తీర్పు దినం ఎంత దూరమైతే నేరస్థుడికి అంత తీరుబాటు అని, పదిహేడేళ్ల వయసుకు తగిన పొగరుతో వాదించి గెలిచాను.

బహుమతి ఇచ్చాక సార్ నన్ను ఆపారు. "మోషే ధర్మశాస్త్రంలో కొత్త ఇల్లు కట్టేవాడికి ఒక ఆజ్ఞ ఉంది. చదివావా?"

"లేదు సార్."

"కప్పు చుట్టూ పిట్టగోడ కట్టమంటాడు. కట్టకపోతే, అక్కడి నుంచి ఎవరైనా పడితే ఆ హత్యదోషం ఇంటి మీద ఉంటుందంటాడు."

నాకు నవ్వొచ్చింది. "దేవుడికి పిట్టగోడతో పనేమిటి సార్?"

"అదీ ప్రశ్న," అన్నారాయన. "గెలిచిన ఉపన్యాసంలో ఆ ప్రశ్న ఎందుకు లేదు?"

ఇంటికి వెళ్లి చదివాను. నన్ను ఆపింది ఆ ఆజ్ఞలో ఉన్న మాట కాదు, లేని మాట. పడినవాడు జాగ్రత్తగా నడిచాడా అని అది అడగదు. తాగి ఉన్నాడా, దిగులుగా ఉన్నాడా, ఆ వేళ అక్కడ అతనికేం పని అని అడగదు. మనిషి అన్నాక ఎప్పుడో ఒకప్పుడు అంచు దాకా వస్తాడన్నది ముందే ఒప్పుకుని, భారాన్ని తీసుకెళ్లి ఇంటి మీద పెడుతుంది. దైవన్యాయమంటే చివరి రోజున ఆకాశంలో జరిగే విచారణ అనుకున్నాను నేను. ఇక్కడ అది ఇల్లు కడుతున్న రోజునే, తాపీ పట్టుకున్నవాడి పక్కన వచ్చి నిలబడింది.

ఇంత అర్థమైనా నేను, పద్దెనిమిదేళ్ల తర్వాత ఒక పిట్టగోడ ముందు నిలబడి దాన్ని చూడకుండా దిగి వచ్చాను.

పెద్దసార్

నేను పనిచేసిన కార్యాలయం నారాయణగూడలో, ఒక బేకరీ మీద రెండో అంతస్తు. దాని అధిపతి ప్రభుత్వ కొలువులో ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. అందరం పెద్దసార్ అనేవాళ్లం. వాళ్ల నాన్న కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. చర్చిలో సంఘ పెద్ద. ఉదయం కార్యాలయం తెరవగానే నిలబడి రెండు నిమిషాలు ప్రార్థన చేసి గానీ కుర్చీలో కూర్చునేవారు కాదు.

ఆయన నేర్పినది తక్కువేమీ కాదు. "కాంక్రీటును చెవితో చూడమ్మా" అనేవారు. సుత్తి దెబ్బకు గట్టిది ఎలా పలుకుతుందో, లోపల తుప్పు తిని పొర లేచినది ఎలా పలుకుతుందో కళ్లు మూయించి మరీ వినిపించారు. ఏ ఇంటికి వెళ్లినా ముందు స్నానాల గది కింద ఉన్న గది కప్పు చూడమనేవారు. తనిఖీ పూర్తయ్యేదాకా యజమాని ఇంట్లో టీ తాగవద్దనేవారు, "టీ కప్పు పట్టుకున్న చేత్తో సుత్తి పట్టుకోలేవు" అని. ఇవన్నీ మీరూ పాటించండి.

పాటించకూడనివి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మొదటి ఏడాది రాంనగర్‌లో ఒక ఇంటి బాల్కనీ చూసి "ప్రమాదకరం, వెంటనే కూల్చవలెను" అని రాశాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నారు.

"ఏమ్మా, ఇంత గట్టిగా రాస్తే ఎలా? 'బాల్కనీపై తగిన దృష్టి ఉంచవలెను' అని రాయి."

"ఎవరి దృష్టి సార్?"

"దేవుడి దృష్టి అనుకో," అని నవ్వారు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వకుండా ఉండవలసింది.

మా పత్రంలో రెండు భాగాలుండేవి. స్తంభాలు, దూలాలు, స్లాబు మొదటి భాగం. అవి బరువు మోసేవి కాబట్టి అక్కడికి వెళ్లి కొలిచేవాళ్లం. మెట్ల రెయిలింగు, కిటికీలు, పిట్టగోడ రెండో భాగం. అవి ఏ బరువూ మోయవు కాబట్టి, ఆమోదం పొందిన ప్లాను చూసి, బయలుదేరక ముందే కార్యాలయంలో నింపేసేవాళ్లం. చివర "ప్లాను ప్రకారం" అని ఒక మాట. ఆ అలవాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను చేరేసరికే ఉంది, నేను కొనసాగించాను. ఇంజనీరు కళ్లకు బరువు మోసేదే కనబడుతుంది. మనిషిని ఆపే గోడ మా లెక్కలో కట్టడమే కాదు.

అశోక్‌నగర్‌లో ఒక కప్పు

అది నాలుగంతస్తుల పాత ఇల్లు. పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లల హాస్టలుగా మార్చారు. పైన కొత్తగా రెండు నీళ్ల ట్యాంకులు, చదువుకోవడానికి రేకుల షెడ్డు వేశారు. ఆ బరువును స్లాబు తట్టుకుంటుందా అన్నది నేను చూడవలసింది. యజమాని యాదగిరి గారికి సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం. మనిషి కలుపుగోలు. నేను స్తంభాన్ని సుత్తితో కొడుతుంటే వెనకే తిరిగారు.

"ఏంది మేడం, ఇంతగనం కొడుతున్నరు? పిల్లలు చదువుకోవాలె, స్తంభం గాదు."

పైకి వెళ్లాం. అశోక్‌నగర్ కప్పుల మీద ఉదయం పూట కనబడే దృశ్యమే. నలుగురైదుగురు అమ్మాయిలు పుస్తకం చేత పట్టుకుని, పెదవులు కదుపుతూ, అటూ ఇటూ నడుస్తున్నారు. కూర్చుంటే నిద్రొస్తుందని నడుస్తూ బట్టీ పడతారు. పంచవర్ష ప్రణాళికలు, రాజ్యాంగ సవరణలు, నదులు, ఉపనదులు అన్నీ ఆ కప్పుల మీద అడుగుల లెక్కన బుర్రకెక్కుతాయి. నడిచే దారికి అడ్డంగా తీగల మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి.

ఒక మూల వాన నీరు పోయే గొట్టం నోరు నేల మట్టం కంటే బాగా కిందికి, గుంటలో కూరుకుపోయి ఉంది. చూశాను. చూసి, అడిగాను కూడా: "లీకేజీ ఉండేదా?"

యాదగిరి గారి ముఖం వెలిగింది. "ఉండె మేడం, ఇప్పుడు లేదు. మీద పొర మూడుసార్లు పోయించిన. బిందెడు నీళ్లు పోసి చూడుండ్రి, కింద చుక్క దిగితే నా పేరు మార్చుకుంట."

నేను పుస్తకంలో "నీటి నిరోధం బాగున్నది" అని రాసుకున్నాను.

పాత పొర తీసేసి కొత్తది వేశారా, పాతదాని మీదే వేశారా? ఈ ప్రశ్న అడగలేదు. ప్రశ్నలు అడిగే విద్యలో పతకాలు తెచ్చుకున్నదాన్ని, అడగవలసిన ఒక్కటీ అడగకుండా మెట్లు దిగాను. ఇటుక ముక్కలు, సున్నం, సిమెంటు, వాటి మీద పలకలు. ఇలాంటి పొర మూడుసార్లు ఒకదాని మీద ఒకటి పడితే స్లాబు మీద ఎంత బరువు చేరుతుందో నాకు తెలియాలి. నా లెక్కలో ఒక్క పొరే ఉంది. స్లాబు గట్టిది కాబట్టి నిలబడింది, నా లెక్క వల్ల కాదు. పొరతోపాటు నేల ఎంత పైకి వచ్చిందో కూడా నాకు తోచలేదు. గోడను ఎవరూ తగ్గించలేదు. ప్రతి మరమ్మత్తుకూ నేల దాని దగ్గరికి ఎక్కుతూ వచ్చింది. కట్టిన రోజున నడుముకు పైన ఉన్న గోడ యజమాని జ్ఞాపకంలో ఇంకా అక్కడే ఉంది. ప్లానులోనూ అక్కడే ఉంది. నా పత్రంలోనూ: "పిట్టగోడ: మూడు అడుగుల ఆరు అంగుళాలు, ప్లాను ప్రకారం."

టేపు నా సంచిలోనే ఉంది. గోడకు పెట్టడానికి అర నిమిషం పట్టేది.

దూకింది

ఏడాది తిరగకముందే ఒక సోమవారం ఉదయం ఆ కప్పు మీద నుంచి రేణుక అనే అమ్మాయి పడింది. ఇరవై నాలుగేళ్లు. ఊరు దేవరకొండ పక్కన. గ్రూప్ టూకు మూడోసారి చదువుతోంది. రెండంతస్తుల కింద పక్కింటి రేకుల కప్పు మీద పడి, అది కూలి, తుంటి ఎముక విరిగింది. బతికింది.

అంతకు నాలుగు రోజుల ముందు ఏదో పరీక్ష ఫలితాలు వచ్చాయి. అందులో ఆమె నంబరు లేదు. అశోక్‌నగర్‌కు ఆ ఒక్క సంగతి చాలు. ఆ సాయంత్రం మిర్చి బండి దగ్గర నిలబడితే నా చెవినే పడింది.

"పాపం, రిజల్ట్ చూసి దూకిందంట."

"రిజల్ట్ ఏంది అన్నా, లవ్ గివ్ ఏమన్నుంటది."

"దూకెటోళ్లు ఊర్ల దూకరాదా? ఓనరు పరేషాన్ అయితుండు."

పడింది అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ఇక్కడి పిల్లలు పడరు, దూకుతారు. ఇంతమంది యువకులను ఇంత చిన్న గదులలో కుక్కి పెట్టుకున్న పేటకు ఎంత హాయిగా ఉందో ఆ మాట! దూకితే గోడను ఎవరూ చూడనక్కర్లేదు. గది చూడనక్కర్లేదు. నిట్టూర్చి ఇంకో మిర్చి తీసుకోవచ్చు.

మర్నాడు పెద్దసార్ ఫోన్ చేశారు. గొంతులో నిజమైన వాత్సల్యం ఉంది. "అమ్మా, విన్నావుగా. మనకేం భయం లేదు. విచారణకు వచ్చిన అధికారి మన పత్రం అడిగి తీసుకున్నారు. అందులో మూడున్నర అడుగులని ఉంది. అంత గోడ మీద నుంచి ఎవరూ జారిపడరు, ఎక్కితే తప్ప. అదే వాళ్లకు ఆధారం."

ఫోన్ పెట్టేశాక ఆ మాట అర్థమైంది. ఆ అమ్మాయి దూకిందనడానికి ఉన్న రాతపూర్వకమైన రుజువు నా సంతకం.

టేపు తీసుకుని వెళ్లాను. యాదగిరి గారు ఊళ్లో లేరు. ఆమె పడిన మూలలో, పలకల మీద నుంచి గోడ పైఅంచు దాకా కొలిచాను. ఇరవై మూడు అంగుళాలు. రెండడుగులకు ఒకటి తక్కువ. గోడకు ఆనుకుని నిలబడితే నా మోకాలికి కాస్త పైన తగిలింది. అక్కడ వెనక్కి ఒక్క అడుగు వేసిన మనిషిని ఆపడానికి ఏమీ లేదు.

తీర్పు దేవునిది అన్నారు

నేరుగా కార్యాలయానికి వెళ్లి ఆ అంకె చెప్పాను. పెద్దసార్ తలుపు వేయమన్నారు.

"ఆ పిల్ల మనసులో ఏముందో మనకేం తెలుసమ్మా? ఏదో లేనిదే దేవుడు ఇలా జరగనిస్తాడా?"

"సిలోయంలో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి ఎత్తి యేసు ఏమన్నాడు సార్? వాళ్లు ఊరందరికంటే పాపులనుకుంటున్నారా, కాదు, అన్నాడు. మనం చేసే పనికి అంతకంటే దగ్గరి మాట ఆ పుస్తకంలో లేదు."

"నాకు బైబిలు నేర్పుతున్నావా?"

"మీకు తెలిసిందే గుర్తు చేస్తున్నాను సార్."

"తీర్పు దేవునిది. మనం ఎవరం? ఆయనకు వదిలేద్దాం."

ఆ వాక్యం నన్ను ఎంత మండించిందో ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేను. ఆ వాక్యమే మా ఇంట్లో వేరే మాటతో వినబడుతుంది. "దాని కర్మ" అంది మా మేనత్త, చేతిలో చిక్కుడుకాయలు ఈనె తీస్తూ. ఒకరు దేవుడి మీదికి తోస్తారు, ఒకరు పూర్వజన్మ మీదికి తోస్తారు. తోసేటప్పుడు అందరి చేతులూ ఒకే దిక్కుకు కదులుతాయి, పడిన మనిషి వైపుకు.

"దేవుడు వదిలేయమనలేదు సార్," అన్నాను. "ఆయన తీర్పు ముందే చెప్పేశాడు. దోషం ఇంటిది. గోడ ఎత్తు చూడడమే మన వంతు."

"గోడ యజమానిదమ్మా. నీదీ కాదు, నాదీ కాదు."

"అదే పుస్తకంలో కావలివాడి సంగతి కూడా ఉంది కదా సార్. ఖడ్గం వస్తుంటే చూసి కూడా బూర ఊదనివాడిని ఆ రక్తానికి జవాబు అడుగుతానన్నాడు. మనకు జీతం ఎందుకిస్తున్నారు? చూసి ఊదడానికే కదా?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ముసలివాడిలా కనబడ్డారు. "నువ్వు దిద్దుబాటు రాస్తే నీ లైసెన్సు మీదికి వస్తుంది. ఈ కార్యాలయం మీదికి వస్తుంది. ఇక్కడ ఆరుగురు బతుకుతున్నారు. అదీ పాపమే కదమ్మా?"

ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసేయలేదు, మీరూ తీసేయకండి. ఆ ఆరుగురిలో ఇద్దరు నాకు పని నేర్పినవాళ్లు. కాని ఆ ఆరుగురినీ కాపాడడానికి ఏడో మనిషి మంచం మీద పడుకుని అబద్ధం మోయాలి. అది నాకు న్యాయంగా తోచలేదు.

ఎకానమీ పుస్తకం

రెండు రోజుల తర్వాత ఆసుపత్రికి వెళ్తే, రేణుక మంచం పక్కన ఎవరూ లేరు. వాళ్ల నాన్న బయట నడవాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. వచ్చి మూడు రోజులైనా కూతురితో మాట్లాడలేదని నర్సు చెప్పింది.

నేనెవరో చెప్పాను. పత్రం సంగతి కూడా చెప్పాను. దాచి పలకరించడం నాకు చేతకాలేదు.

ఆ అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసింది. "నేను దూకలే అక్కా. దూకెటిదాన్ని అయితే చేతుల ఎకానమీ బుక్కు పట్టుకొని దూకుతనా?"

"ఎలా జరిగింది?"

"తీగ మీద ఎవరిదో దుప్పటి. చదువుకుంట వచ్చి దాని కింద వంగి అవుతలికి దాటిన. లేచి ఇటు తిరిగేటప్పటికి తడి దుప్పటి మొహానికి తగిలింది. ఎనకకు జరిగిన. అంతే." దిండు మీద తల సర్దుకుంది. "రిజల్ట్ వచ్చిన్నాడు ఏడ్చిన. ఆ రాత్రే కొత్త టైంటేబుల్ రాసుకున్న. గది గోడకు అంటించిన, పోయి చూడుండ్రి. అందరికి చెప్తున్న. అందరు తలకాయ ఊపుతున్నరు, పిచ్చిదానికి ఊపినట్టు. మా నాయన గూడ."

బయటికి వచ్చి ఆమె తండ్రి పక్కన కూర్చున్నాను. పేరు బాలయ్య. తాపీ మేస్త్రీ. వేళ్ల సందుల్లో సిమెంటు తిన్న చర్మం.

"ఇంటికాడ ఏం చెప్పాలె మేడం?" అన్నాడు నేల చూస్తూ. "జారిపడ్డదంటే నవ్వుతున్నరు. ముప్పై ఏండ్ల సంది గోడలు కడుతున్న. గోడ ఉన్న కాడ మనిషెట్ల పడ్తడు?"

"మీరు ఆ గోడ చూశారా?"

"సూడలె. ఆ జాగల అడుగు పెట్టబుద్ధి కాలె."

నాతో రమ్మన్నాను. వెంటనే లేవలేదు. లేచాక మాత్రం నాకంటే ముందు నడిచాడు.

కప్పు మీదికి వచ్చి ఆయన నా టేపు అడగలేదు. గోడ దగ్గరికి పోయి ఒకసారి చేత్తో దాని పైఅంచు తడిమి ఆగిపోయాడు. తర్వాత మూలకు పోయి మోకాళ్ల మీద కూర్చుని, వాన గొట్టం గుంటలో చెయ్యి పెట్టి అంచును పైనుంచి కిందికి గీరుకుంటూ పోయాడు.

"ఒకటి," అన్నాడు. "ఇగో రెండు. మూడు. తియ్యలే. మీది మీదనే పోసిండ్రు."

వేళ్లకంటిన సున్నం దులుపుకుని అన్నాడు: "నేను గూడ పోసిన మేడం. ఎన్ని ఇండ్లకు పోసిన్నో. పాతది తవ్వాలె సేటూ అంటే, దుమ్ము లేస్తది, దినాలు పడ్తయి, మీదనే వెయ్యి అంటరు. సరే అని ఏసిన. గోడ తగ్గుతదని ఎన్నడు చెప్పలే. నాకు యాది గూడ రాలే."

ఆయన ఒప్పుకున్నది నా ఒప్పుకోలు కంటే ఎంత పొట్టిదో, ఎంత శుభ్రంగా ఉందో వింటున్నాను.

జేబులోంచి ఫోన్ తీసి కూతురికి చేశాడు. "బిడ్డా," అన్నాడు. అవతల ఆమె ఏదో అంది. "లే, ఇంటికి పోలే. గోడ కాడున్న." ఇంకో చెయ్యి గోడ మీద పెట్టాడు. "తక్కువున్నదే. తొడ మందం గూడ సక్కగ లేదు. నువ్వు పడ్డవ్. నాకు ఎర్కయింది. పడ్డవ్."

దిద్దుబాటు

ఆ మధ్యాహ్నమే రాశాను. ఒక పేజీ. పిట్టగోడ ఎత్తు నేను కొలవలేదని, ప్లానులోంచి ఎత్తి రాశానని, ఇప్పుడు కొలిస్తే ఇరవై మూడు అంగుళాలుందని, పొరల బరువు లెక్కలోనూ తప్పానని, ఈ పత్రాన్ని ఆ అమ్మాయికి వ్యతిరేకంగా వాడటం అన్యాయమని. విచారణ అధికారి రెండుసార్లు చదివి, "మేడం, మీ సంతకం మీద మీరే కంప్లయింట్ ఇస్తున్నరా?" అని అడిగారు. అవునన్నాను. టీ తెప్పించారు. తాగలేదు. పాత అలవాటు.

అధికారులు వచ్చి గోడను కొలుచుకుని వెళ్లారు. కాగితాల్లో "దూకినది" అన్న మాట పోయి "పడినది" అన్న మాట వచ్చింది. వీధిలో ఇంకా పోలేదు. నా మీద విచారణ నడుస్తోంది. నడవాలి. దాని ఫలితం కోసం ఆగకుండా లైసెన్సు ఇచ్చేశాను, ఎందుకంటే కొలవకుండా సంతకం పెట్టిన చేతికి శిక్ష ఏమిటో నాకు తెలుసు. ఇది త్యాగమని ఎవరైనా అంటే ఒప్పుకోను. పెద్దసార్ నాతో మాట్లాడటం మానేశారు. కాని ఆయన కార్యాలయంలో ఆ రెండో భాగాన్ని ఇప్పుడు అక్కడికి వెళ్లి కొలిచి నింపుతున్నారని అక్కడి మిత్రుడు చెప్పాడు. ఆ మాట విని సంతోషించాను, కోపం మాత్రం తగ్గలేదు.

యాదగిరి గారు ఇంకా గోడ పెంచలేదు. కప్పు తలుపుకు తాళం వేసి, పైకి వెళ్లరాదని బోర్డు పెట్టారు. ఎదురుపడితే "నేనేం జేసిన మేడం? లీకు బంద్ చేయించిన, గదే నా తప్పా?" అన్నారు. ఆయన దుర్మార్గుడు కాదు. అందుకే నాకు ఇంకా కోపం. కావాలని చేసినవాడు ఒక్కడుంటే వాడిని పట్టుకుని అందరం ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లం. ఇక్కడ ఉన్నది చుక్క నీరు దిగకూడదనుకున్న ఒక యజమాని, దుమ్ము లేపకుండా పనిచేసిన ఒక మేస్త్రీ, ప్లాను చూసి రాసిన ఒక ఇంజనీరు. ఎవరి పని వారు చేశారు. మా అందరి పనీ కలిసి గోడను మోకాలి దగ్గరికి తెచ్చింది. పాతకాలపు ఆ ఆజ్ఞ "ఇంటి మీద" దోషం పెట్టింది, ఒక మనిషి మీద కాదు. ఇల్లంటే ఎవరెవరో ఇప్పుడు తెలిసింది.

ఈ పనిలోకి వస్తున్న మీకు చెప్పేది ఒక్కటే. ప్లాను చదవండి, కాని దాన్ని నమ్మి సంతకం పెట్టకండి. బరువు మోయని ప్రతిదాన్నీ కొలవండి. యజమాని గర్వంగా చెప్పే మరమ్మత్తు దగ్గర ఇంకో ప్రశ్న అడగండి. ఎవరైనా మీతో తీర్పు దేవునిది అంటే, ఆ మాట అనేటప్పుడు ఆయన చెయ్యి ఎవరిని తోస్తోందో చూడండి.

పోయిన నెల రేణుకను చూడటానికి విద్యానగర్ వెళ్లాను. నేల అంతస్తులో ఒక గది కిరాయికి తీసుకుంది. చేతికర్ర పట్టుకుని గోడ నుంచి గోడకు నడుస్తూ చదువుతోంది. నా పాత పత్రం నకలు చూడాలని అడిగింది. ఇచ్చాను. నిలబడే, పరీక్ష ప్రశ్నపత్రం చదివినట్టు మొదటి వరుస నుంచి చదివింది. పిట్టగోడ దగ్గర వేలు ఆగింది. మూడు అడుగుల ఆరు అంగుళాలు, ప్లాను ప్రకారం. కాగితం మడత పెట్టి నా చేతికి తిరిగి ఇచ్చింది.

"మంచిగ రాసిండ్రు అక్కా," అంది. "నేను గా కాగితం మీద నడిస్తే పడకపోతుంటి."